20 జీబీ తక్కువైతే ఒప్పుకోని క్లోన్‌జిల్లా

భీమవరంలో రొయ్యల మేత దుకాణం అంటే సగం అరువు ఖాతాల దుకాణమే. రైతు చెరువులో పిల్లను వదిలిన నాటి నుంచి మేత పట్టుకెళతాడు, పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మడం) అయ్యాక లెక్క తేల్చుకుంటాడు. సరిగ్గా పట్టుబడులు జోరుగా సాగుతున్నప్పుడే మా కంప్యూటర్‌లో హార్డ్‌డిస్క్ పోయింది. మొత్తం డిస్క్‌ను క్లోన్‌జిల్లా అనే ఉచిత ప్రోగ్రాంతో ఇమేజ్ (డిస్క్ అంతటికీ ఫైలు రూపంలో నకలు) తీసి విడిగా దాచి ఉంచాను కాబట్టి గంటలో తేలిపోయే పని అనుకున్నాను.

తేలలేదు. పాతది 500 జీబీ. అది దొరక్క 480 జీబీ ఎస్ఎస్‌డీ తెచ్చాం. నిండింది 90 జీబీకి మించదు, ఎవరైనా చాలుననే అంటారు. క్లోన్‌జిల్లా మాత్రం కొత్త డిస్క్ చిన్నదని ఆగిపోయింది.

ఇది మొండితనంలా కనిపిస్తుంది గానీ కారణం ఉంది. ఇమేజ్ తీసేటప్పుడు అది నిండిన బ్లాకులనే (డిస్క్‌లోని చిన్న చిన్న గదులు) తీసుకుంటుంది, అందుకే ఫైలు చిన్నగా ఉంటుంది. తిరిగి రాసేటప్పుడు మాత్రం ప్రతి బ్లాకునూ అది మొదట ఉన్న చోటే పెడుతుంది. ఆ చోటే లేకపోతే ఏం చేస్తుంది? నిపుణుల మెనూలో సైజు తనిఖీని దాటవేసే ఐచ్ఛికం ఒకటుంది. అది తనిఖీని ఆపుతుందే తప్ప పార్టిషన్‌లోని (డిస్క్‌లోని విభాగం) ఫైల్ సిస్టమ్‌ను, అంటే ఫైళ్ల అమరికను, కుదించదు. కౌంటరు దగ్గర నలుగురు రైతులు నిలబడి ఉండగా అలాంటి ప్రయోగాలు నాకు నచ్చవు. ఎస్ఎస్‌డీని వెనక్కిచ్చి 1 టీబీది తెచ్చాను.

రాయడానికి ముందు క్లోన్‌జిల్లా ఏ డిస్క్ మీద రాస్తుందో పేరు, మోడల్, సైజుతో చూపించి, ఉన్నదంతా పోతుందని హెచ్చరించి, 'వై' నొక్కమంటుంది. నొక్కాక మళ్లీ అదే అడుగుతుంది. పక్కనే ఇమేజ్ ఉన్న డిస్క్ కూడా తగిలించి ఉన్నప్పుడు ఈ రెండో ప్రశ్న విలువ తెలుస్తుంది.

రాయడం సాఫీగా ముగిసింది. విండోస్ మాత్రం నీలి తెర చూపించింది: 'ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్'. ఇమేజ్ పాడైందని మా గుమాస్తా తేల్చేశాడు. నాకు నమ్మకం కలగలేదు. డిస్క్ బిగించేటప్పుడు మెకానిక్ బయోస్ (కంప్యూటర్ వేయగానే మొదట నడిచే ప్రోగ్రాం) అమరికలను నిలిపి ఉంచే సెల్లు కూడా మార్చాడు, దాంతో అమరికలన్నీ మొదటికి వచ్చాయి. పాత విండోస్ డిస్క్‌తో మాట్లాడేందుకు ఏహెచ్‌సీఐ అనే పద్ధతిలో పెట్టింది, బయోస్ ఇప్పుడు రెయిడ్ అనే వేరే పద్ధతి చూపిస్తోంది. దాన్ని తిరిగి ఏహెచ్‌సీఐకి మార్చగానే విండోస్ తెరుచుకుంది. ఇందులో క్లోన్‌జిల్లా తప్పేమీ లేదు.

ఇమేజ్ పాతదే అయినా ఖాతాలకు లోటు రాలేదు. ఖాతాలు రాసే ట్యాలీ ప్రోగ్రాం డేటా ఫోల్డరును రోజూ సాయంత్రం పెన్‌డ్రైవ్‌లోకి విడిగా తీసుకుంటాం. అలా తీయక తప్పదు కూడా. క్లోన్‌జిల్లాకు మారిన భాగాన్ని మాత్రమే తీయడం రాదు, ప్రతిసారీ మొత్తం తీయాలి, అదీ విండోస్‌ను ఆపి పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి. మౌసు ఆసరా కూడా లేదు, అంతా అక్షరాల తెరలే.

డబ్బు తీసుకోని ప్రోగ్రాంకు ఐదులో నాలుగిస్తాను. మిగతా ఒకటి ఎందుకు కోశానంటే, ఇమేజ్‌లోంచి ఒక్క బిల్లు కావాలన్నా నేరుగా తెరిచి తీసుకునే వీలు లేదు. ముందు మొత్తాన్నీ ఏదో ఒక డిస్క్ మీద పరవాలి, ఆ డిస్క్ కూడా పాతదాని కన్నా చిన్నది కాకూడదు.