పండుగప్ప ఉందేమో అడిగి వెళ్ళండి: శ్రీకాకుళం ఇటాలియన్ హోటల్లో నా నాలుగేళ్ళు

ఏడు రోడ్ల జంక్షన్ నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో ఉందీ హోటల్. ఇటాలియన్ వంటలు, సముద్రపు చేపలు, రెండూ ఒకే చోట. నాలుగేళ్ళుగా నెలకి రెండుసార్లయినా వెళ్తున్నాను. లోపాలు కూడా రాస్తున్నాను కాబట్టి పేరు రాయడం లేదు. హంగూ ఆర్భాటం ఏమీ ఉండదు. పిల్లల్ని తీసుకుని మామూలు బట్టల్లో వెళ్ళి, తిని రావచ్చు.

ఇక్కడ మెనూ చూసి ఆర్డర్ ఇవ్వకండి. "ఈరోజు ఏం చేప వచ్చింది?" అని అడగండి. కళింగపట్నం, భావనపాడు వైపు నుంచి పొద్దున్న దిగిన సరుకుని బట్టే ఆ రోజు వంట ఉంటుంది. నన్ను గుర్తుపట్టే సర్వర్ కుర్రాడు ఇప్పుడు నేను అడక్కుండానే చెప్తాడు: "అక్కా, చందువ రాలేదు, వంజరం బాగుంది." అతను వద్దన్నది ఎప్పుడూ తినలేదు, తినమన్నది ఎప్పుడూ పాడవలేదు.

నేను ఎక్కువగా తిన్నది రొయ్యల స్పగెట్టి, అంటే నూడుల్స్‌లా పొడవుగా ఉండే పాస్తా. వంటగదికి అద్దం ఉంటుంది కాబట్టి నిలబడి చాలాసార్లు చూశాను. వెల్లుల్లిని పల్చగా తరిగి ఆలివ్ నూనెలో సన్నమంట మీద వేస్తారు. ఎర్రబడనివ్వరు. ఎండుమిరప తుంచి వేసి, రొయ్యలు రంగు మారగానే స్పగెట్టి కలుపుతారు. తర్వాత స్పగెట్టి ఉడికించిన నీళ్ళు ఓ గరిటెడు పోసి పెనాన్ని గట్టిగా కుదుపుతారు. గంజిలాంటి ఆ నీళ్ళు నూనెతో కలిసి పల్చటి పూతలా పట్టుకుంటాయి. క్రీమ్ ఉండదు, మసాలా ఉండదు. రొయ్య తీపి నాలుకకి నేరుగా తగులుతుంది. మొదటిసారి తిన్నప్పుడు స్పగెట్టి సరిగ్గా ఉడకలేదనుకున్నాను. మనం అన్నాన్ని పలుకు మీద వార్చినట్టే వాళ్ళు దాన్ని కొంచెం గట్టిగా ఉండగానే దించుతారు. 'అల్ దెంతే' అంటారు, పంటికి తగలాలని.

ఒక్క ఇబ్బంది ఏమిటంటే, అడక్కుండానే పైన చీజ్ తురిమేస్తారు. ఇటలీలో చేపలూ రొయ్యలూ వేసిన పాస్తా మీద మామూలుగా చీజ్ వేయరు, సముద్రపు రుచిని అది కప్పేస్తుందని. మన ఊళ్ళో చీజ్ లేకపోతే డబ్బుకి తగ్గట్టు లేదనుకునేవాళ్ళు ఉంటారు, అది నాకు అర్థమవుతుంది. అయినా ఆర్డర్ ఇచ్చేటప్పుడే "చీజ్ వద్దు" అని చెప్పి చూడండి.

అమ్మని తీసుకెళ్ళడానికి నాకు ఏడాది పట్టింది. చింతపండు పులుసు లేని చేప ఆవిడ లెక్కలో చేపే కాదు. ఆ రోజు పండుగప్ప ఉంది. చేపని ముక్కలు చేయకుండా, తలతోనే, కడుపులో నిమ్మచెక్కలూ వెల్లుల్లీ పెట్టి ఓవెన్‌లో కాల్చి తెచ్చారు. పైన ఉప్పు, నూనె, అంతే. అమ్మ ముందు చెంప దగ్గరి కండ తీసింది. ఏం మాట్లాడలేదు. రెండోసారి వెన్ను పక్కన తీసింది. ముల్లు నుంచి కండ పొరలుగా విడిపోతుంటే, "బాబూ, ఇది ఈ పొద్దుటి చేపేనా?" అని సర్వర్‌ని అడిగింది. అవునన్నాడు. "తెలుస్తోంది" అంది. పులుసులో అయితే నిన్నటి చేప కూడా బతికిపోతుంది, ఇలా కాలిస్తే మాత్రం దాక్కోడానికి చోటు ఉండదని ఇంటికొస్తూ తనే చెప్పింది.

పెస్టో పాస్తా కూడా బాగుంటుంది. ఆ పచ్చటి సాస్‌కి పుట్టిల్లయిన జెనోవాలో పైన్ గింజలు వేస్తారు. ఇక్కడ పలాస జీడిపప్పు వేస్తున్నారు. కాస్త తియ్యగా, చిక్కగా వస్తుంది. నాకదే నచ్చింది. పిజ్జా మామూలే. రిసొట్టో మాత్రం వద్దు. బియ్యంలో, కూరగాయలో మాంసమో ఉడికించిన నీళ్ళు కొంచెం కొంచెంగా పోస్తూ ఇరవై నిమిషాల దాకా కలుపుతూ కూర్చోవాల్సిన వంట అది. రద్దీలో అంత తీరిక వాళ్ళకి దొరకడం లేదు, ముద్దగా వస్తోంది.

నాకు నిజంగా బాధ కలిగింది రెండేళ్ళ క్రితం మే నెలలో. స్క్విడ్ రింగులు చెప్తే రబ్బరులా సాగాయి, ఫ్రీజర్ వాసన కొట్టింది. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లతో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి అది ఉండాల్సిందే. కానీ ఆ రెండు నెలలూ అదే మెనూ, అదే ధర పెట్టి పాత సరుకు వడ్డించడం తప్పు. మేనేజర్‌కి చెప్పాను. ఆ ప్లేట్ డబ్బులు తీసుకోలేదు. నాకు కావలసింది డబ్బు కాదు, ముందే చెప్పడం. మరుసటి ఏడాది నిషేధం రోజుల్లో వెళ్తే స్క్విడ్, వంజరం మెనూలోంచి తీసేసి, చెరువు రొయ్యలతో చేసేవి మాత్రమే ఉంచారు. ఆ రోజు నుంచి ఈ హోటల్ మీద నా గౌరవం పెరిగింది.

ధరలు పెరిగాయి. 280 రూపాయల స్పగెట్టి ఇప్పుడు 360. రొయ్యల లెక్క తగ్గలేదు కాబట్టి నేను ఇస్తున్నాను. ఆదివారం రాత్రి మాత్రం వెళ్ళకండి, ముప్పావు గంట కూర్చోవాలి. మధ్యాహ్నం పన్నెండున్నరకి వెళ్తే చేప తాజాగా ఉంటుంది, వంటవాళ్ళకీ టెన్షన్ ఉండదు. అమ్మతో వెళ్ళేది ఎప్పుడూ ఆ వేళకే. బయల్దేరే ముందు ఫోన్ చేసి పండుగప్ప ఉందో లేదో కనుక్కోమంటుంది.