పేషెంట్ ఫైళ్లు డేటాబేస్‌లోనా, ఫోల్డర్‌లోనా? ఏది మేలు?

క్లినిక్ సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటున్న డాక్టర్లు, వాళ్ల దగ్గర సిస్టమ్స్ చూసే కుర్రాళ్లు అందరూ అడిగేది ఇదే. బీపీ, షుగరు, మందులు డేటాబేస్ టేబుల్స్‌లోకి వెళ్లిపోతాయి సరే, మరి ల్యాబ్ పీడీఎఫ్‌లు, ఈసీజీ స్కాన్లు, పేషెంటు కొడుకు వాట్సాప్‌లో పంపిన పుండు ఫొటో, ఎకో వీడియో, వీటినెక్కడ పెట్టాలి అని.

డేటాబేస్‌లోనే పెట్టాలనేవాళ్ల మాటలో బలముంది. గ్నూమెడ్ అనే ఉచిత క్లినిక్ సాఫ్ట్‌వేర్ చేసేది అదే, డాక్యుమెంట్లన్నీ దాని పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ లోపలే ఉంటాయి. రికార్డూ ఫైలూ ఒకే ట్రాన్సాక్షన్‌లో, అంటే సేవ్ అయితే రెండూ లేకపోతే ఏదీ కాకుండా, సేవ్ అవుతాయి కాబట్టి ఒకటి ఉండి ఇంకోటి లేకపోవడం జరగదు, ఎవరు చూడొచ్చు ఎవరు చూడకూడదు అనేదీ ఒక్కచోటే తేలిపోతుంది. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ వాడేవాళ్లు మాత్రం, ఫైళ్లు దాచే కాలమ్ రకం ఉత్త బ్లాబ్ అయితే 64 కేబీ దాకానే అని గుర్తుపెట్టుకోండి, ఫోన్ ఫొటో ఒక్కటి కూడా పట్టదు, కనీసం మీడియంబ్లాబ్ తీసుకోవాలి, అది 16 ఎంబీ. స్పీడు సంగతైతే 2006లో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ వాళ్లు కొలిచి చూశారు, 256 కేబీ లోపు ఫైళ్లకి డేటాబేస్, 1 ఎంబీ దాటితే ఫైల్ సిస్టమ్ మేలని తేలింది. కానీ నన్నడిగితే ఇక్కడ తేల్చాల్సింది స్పీడు కాదు, సర్వర్ పోయిన రోజు ఏమవుతుందన్నది.

పొద్దున్నే డిస్క్ పోయింది, బయట ఓపీ క్యూ ఉంది. ఫైళ్లన్నీ డేటాబేస్‌లో ఉండి అది ఏ 200 జీబీయో అయితే, మామూలు డంప్ (డేటాబేస్ మొత్తాన్ని ఒక ఫైలుగా తీసిన బ్యాకప్) నుంచి అదంతా వెనక్కొచ్చేదాకా ఒక్క ప్రిస్క్రిప్షన్ కూడా రాయలేరు. ఫోల్డర్‌లో ఉంటే రెండు మూడు జీబీల డేటాబేస్ ముందు లేస్తుంది, ఎలర్జీలు, మందులు కనబడతాయి, ఓపీ మొదలవుతుంది, పాత స్కాన్లు వెనకాల నెమ్మదిగా కాపీ అవుతుంటాయి. ఎప్పటికీ మారని పాత రిపోర్టుల్ని రోజూ రాత్రి మళ్లీ మళ్లీ డంప్ చేసే బాధ కూడా ఉండదు. అందుకే నా ఓటు ఫోల్డర్‌కి.

అయితే ఫోల్డర్ పద్ధతికి కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి, అవి పాటించకపోతే డేటాబేసే నయం. సేవ్ చేసేటప్పుడు ముందు ఫైలు డిస్క్ మీద రాయాలి, తర్వాతే టేబుల్‌లో దాని వరస (రో) చేర్చాలి. బ్యాకప్‌లో దీనికి రివర్స్, ముందు డేటాబేస్ డంప్, ఆ తర్వాత ఫోల్డర్ కాపీ. అప్పుడు డంప్‌లో పేరున్న ప్రతి ఫైలూ కాపీలో ఖచ్చితంగా ఉంటుంది, ఒకటో రెండో అదనంగా వచ్చినా నష్టం లేదు. ఇది నిలవాలంటే ఫైలుని ఎప్పుడూ చెరపకూడదు, మీద మళ్లీ రాయకూడదు, వద్దనుకుంటే టేబుల్‌లో రద్దు అని గుర్తు పెడితే చాలు. పేషెంటు పేరుతో సబ్‌ఫోల్డర్లు అస్సలు వద్దు, ఒక్క ఊళ్లోనే ఎంతమంది లక్ష్ములు, ఎంతమంది వెంకటేశ్వర్లు ఉంటారో తెలిసిందే, పైగా రెండుసార్లు రిజిస్టరైన ఒకే మనిషి రికార్డులు కలిపినప్పుడు అంతా గందరగోళం. ఫైలుకి దాని ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్‌నే (ఫైల్లో ఉన్నదాన్నిబట్టి లెక్కేసే వేలిముద్ర లాంటి కోడ్) పేరుగా పెట్టి, అసలు పేరు, టైపు, ఎవరు ఎప్పుడు ఎక్కించారు అన్నవి టేబుల్‌లో ఉంచండి. అప్పుడప్పుడు హ్యాష్ మళ్లీ లెక్కేస్తే ఏ ఫైలు పాడైందో కూడా తెలిసిపోతుంది. ఇంకోటి, ఆ ఫోల్డర్ వెబ్ రూట్ (బ్రౌజర్‌కి నేరుగా అందే ఫోల్డర్) బయట ఉండాలి, లింకు దొరికినవాడల్లా ఎవరి హెచ్‌ఐవీ రిపోర్టో తెరిచి చూసే పరిస్థితి రాకూడదు.

సీటీ, ఎంఆర్‌ఐ మెషిన్లిచ్చే డైకామ్ ఫార్మాట్ ఫైళ్లు డేటాబేస్‌లోనూ ఫోల్డర్‌లోనూ పెట్టొద్దు. వాటికి ఆర్థాంక్ లాంటి వేరే డైకామ్ సర్వర్ ఉండాలి, ఈఎంఆర్‌లో (పేషెంట్ రికార్డుల సాఫ్ట్‌వేర్‌లో) ఆ స్కాన్‌ని గుర్తుపట్టే నంబరు, స్టడీ యూఐడీ, ఒక్కటి దాచుకుంటే సరిపోతుంది. ఐఫోన్ తీసే హెచ్‌ఈఐసీ ఫార్మాట్ ఫొటోలు క్రోమ్‌లో తెరుచుకోవు, జేపెగ్ కాపీ ఒకటి చేసుకుని అసలుదీ ఉంచండి. స్కాన్ చేసిన కాగితాలకైతే మన దేశపు 2016 ఈహెచ్‌ఆర్ (ఎలక్ట్రానిక్ హెల్త్ రికార్డ్) స్టాండర్డ్స్ పీడీఎఫ్/ఏ, అంటే ఎన్నేళ్లైనా తెరుచుకునేలా చేసిన పీడీఎఫ్ రకం, అని చెప్తాయి, అదే వాడండి.

ఓపెన్‌ఈఎంఆర్ అనే ఇంకో ఉచిత క్లినిక్ సాఫ్ట్‌వేర్‌లో ఫైళ్లని కౌచ్‌డీబీ అనే వేరే డేటాబేస్‌లో పెట్టే ఆప్షన్ కూడా ఉంది, కానీ చిన్న చోట దానికోసం ఇంకో సర్వర్ చూసుకోవడం అనవసరం. అమెజాన్ క్లౌడ్‌లో ఫైళ్లు దాచే ఎస్3 లాంటివి నాలుగైదు బ్రాంచీలున్న ఆసుపత్రులకి బాగుంటాయి.

ఒక్క డాక్టరు, ఒక్క కంప్యూటరు, మొత్తం పీడీఎఫ్‌లు రెండు మూడు జీబీలు దాటవు అనుకుంటే మాత్రం డేటాబేస్‌లోనే పెట్టేయండి, ఒక్క డంప్ ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి ఎన్‌క్రిప్ట్ చేసి తీసుకుంటే బ్యాకప్ అయిపోయినట్టే.