ఊదా లేజర్, నారింజ కళ్లజోడు: నాలుగేళ్లు వాడాక

గుంటూరు దగ్గర ఒక హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. ప్రతిదీప్తి (ఒక రంగు వెలుగు పడితే పదార్థం వేరే రంగులో వెలగడం, ఫ్లోరెసెన్స్) పాఠం కోసం 405 నానోమీటర్ల ఊదా లేజర్, దానితో ఆరు జతల నారింజ కళ్లజోళ్లు కొన్నాను. లేజర్ గురించి అందరూ రాస్తారు, నేను కళ్లజోడు గురించి రాస్తాను.

మొదట గోంగూర సంగతి. ఆకులు నలిపి సర్జికల్ స్పిరిట్‌లో నానబెట్టి వడకడితే పచ్చటి రసం దిగుతుంది. అందులోకి లేజర్ వేస్తే పత్రహరితం ఎర్రగా వెలుగుతుంది. ఉత్త కళ్లతో చూస్తే గాజు మీద, రసం మీద చెదిరిన ఊదా కాంతే ముందు కనపడి, ఆ ఎరుపు దానిలో కలిసిపోతుంది. కళ్లజోడు పెట్టుకుంటే ఊదా మొత్తం ఆరిపోయి, గ్లాసులో నిప్పుగీతలాంటి ఎర్రటి దారి ఒక్కటే మిగులుతుంది. మొదటిసారి చూసినప్పుడు ఒక అమ్మాయి "సార్, లేజర్‌లో లేని ఎరుపు ఎక్కణ్ణుంచి వచ్చింది?" అని అడిగింది. ఆ ప్రశ్న కోసమే నేను ఈ డబ్బు పెట్టాను. 1852లో జార్జ్ స్టోక్స్ అనే శాస్త్రవేత్త చేసిన పనీ ఇదే: చర్చి కిటికీ నీలిగాజు గుండా వచ్చిన వెలుగును క్వినైన్ ద్రావణం మీద వేసి, లేత పసుపు రంగు వైన్ ఉన్న గ్లాసు అడ్డం పెట్టుకుని చూశాడు.

దుగ్గిరాల నుంచి తెచ్చిన పసుపుకొమ్ము అరగదీసి స్పిరిట్‌లో కలిపినా బాగుంటుంది. మామూలుగా ఆకుపచ్చ కలిసిన పసుపుగా వెలిగేది, ఈ అద్దాల్లోంచి నారింజకు తిరుగుతుంది. అద్దాల మీద 190–540 అని ఉంది, అంటే ఆ నానోమీటర్ల మధ్య కాంతిని ఆపుతాయి, కాబట్టి ఆకుపచ్చ చాలావరకు ఆగిపోయింది. డిటర్జెంట్‌లో ఉతికిన తెల్ల పంచె మరీ మోసం చేస్తుంది: ఉత్త కళ్లకు నీలంగా మెరిసిపోతుంది, అద్దాల్లోంచి చూస్తే నల్లగుడ్డే. నీలం ప్రతిదీప్తి చూడాలంటే ఈ కళ్లజోడు పనికిరాదు. 405ని ఆపుతూ నీలాన్ని చాలావరకు వదిలే లేత పసుపు జత వేరే కావాలి. అమ్మినవాళ్లు ఈ ముక్క చెప్పలేదు.

మరో పొరపాటు కూడా చెప్పాలి. తర్వాత అలాంటి పసుపు జత ఒకటి తెచ్చి, కొత్తలో దాన్ని తెల్లకాగితం మీద లేజర్ వేసి పరీక్షించాను. చుక్క కనపడేసరికి అద్దాలు లీకవుతున్నాయనుకున్నాను. అది కాగితంలోని తెల్లదనం మందు వెలగడం. మెరుపులేని నల్లరేకు మీద వేసి చూస్తే చుక్కే లేదు.

రక్షణ విషయంలో మాత్రం రాజీ వద్దు. నా లేజర్ మీద 5 మిల్లీవాట్లని రాసి ఉంది. ఇంజనీరింగ్ కాలేజీలో ఉన్న మిత్రుడు మీటరు పెట్టి కొలిస్తే 40 దాటింది. మన కంటికి 405 దగ్గర చూపు చాలా తక్కువ, అందుకే మసకగా కనపడి భయం వేయదు. రెటీనాకు మాత్రం ఆ దెబ్బ తగ్గదు. అద్దాల మీద ఓడీ (ఆప్టికల్ డెన్సిటీ, అంటే కాంతిని ఎంత ఆపుతాయో చెప్పే అంకె) 4 అని ఉంటే పదివేలలో ఒక వంతే లోపలికి వస్తుందని అర్థం. అయినా కిరణంలోకి నేరుగా చూడకూడదు. నేను లేజర్‌ని స్టాండుకి బిగించి, గోడవైపు తిప్పి, ఉన్న కళ్లజోళ్లకు సరిపడా పిల్లల్నే లోపలికి రానిస్తాను.

ఏప్రిల్ ఎండల్లో చెమటకి కళ్లజోడు ముక్కు మీదనుంచి జారుతుంది, పవర్ అద్దాల మీద అసలు కూర్చోదు. కొంగుతో, చొక్కాతో తుడిచి పిల్లలు రెండు జతలకు గీతలు పెట్టారు. గీతల దగ్గర వెలుగు చెదిరి సన్నటి ఎరుపు కనపడదు. ఆ రెండూ పక్కన పెట్టేశాను. ఈసారి పవర్ అద్దాల మీద పట్టేంత వెడల్పువి, మూడు నారింజ, మూడు పసుపు తీసుకుంటాను.