ఎలిఫెంటా వెళ్లొచ్చే రోజు: నీళ్ల పక్కన ఎక్కడ, ఎప్పుడు తినాలి

ఎలిఫెంటా ద్వీపంలోని గుహలకు పడవలు బయల్దేరేది ముంబయిలోని గేట్‌వే ఆఫ్ ఇండియా నుంచి. అక్కడ సముద్రం తూర్పున ఉంటుంది. ముంబయి అంటే పడమటి తీరం కదా అని సాయంత్రానికి ఇక్కడ టేబుల్ చెప్పుకుంటే, పొద్దు వెనకాల భవనాల మాటున కుంగిపోతుంది, ముందు నీళ్లు చీకటైపోతాయి. లంగరేసిన పడవల దీపాలు బాగానే ఉంటాయి గానీ, మీరు కోరుకున్నది అది కాకపోవచ్చు. నీళ్లలో పొద్దు గుంకడం చూడాలంటే మెరైన్ డ్రైవ్‌కి పోవాలి. కాబట్టి ముందు ఏ పూట ఏ దిక్కున కూర్చోవాలో తేల్చుకోండి, హోటల్ పేరు తర్వాత.

అసలు ఆ రోజు తిండి వేళల్ని నిర్ణయించేది పడవ. గేట్‌వే నుంచి ఘారాపురి (ఎలిఫెంటా ద్వీపం స్థానిక పేరు) జెట్టీకి గంట ప్రయాణం. మొదటి పడవ ఉదయం 9 ప్రాంతంలో బయల్దేరుతుంది, తర్వాత సుమారు అరగంటకొకటి. రానూపోనూ కలిపి 260 రూపాయల ప్రాంతంలో ఉంటుంది, పై అంతస్తులో కూర్చుంటే పడవలోనే ఇంకాస్త తీసుకుంటారు. తిరుగు టికెట్ అదే, పారేయకండి. ‘హార్బర్ రౌండ్’ అని తక్కువకి అమ్మే టికెట్ వేరు, ఆ పడవ ద్వీపంలో దింపదు. సోమవారం గుహలు మూత.

దిగాక చాలామంది లెక్క తప్పేది ఇక్కడే. జెట్టీ పొడవుగా బురద మేట మీదుగా సాగుతుంది. నడవచ్చు, లేకపోతే బొమ్మ రైలు ఉంది. ఆ తర్వాత పంచాయతీ పన్ను, 120 మెట్లు, పైన పురావస్తు శాఖ టికెట్ 40 రూపాయలు. విదేశీయులకు 600. ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతి వాళ్లకు ఇచ్చేది) ఉన్న మన అమెరికా బంధువులు కార్డు వెంట తెచ్చుకుంటే భారతీయుల ధరే. పడవ దిగిన దగ్గర్నుంచి మొదటి గుహలోకి అడుగుపెట్టేసరికి అరగంట తేలిగ్గా పోతుంది. గుహలు ఎక్కడికక్కడ ఆగి చూస్తే గంటన్నర. మూడు తలల త్రిమూర్తి శిల్పం ముందే పావుగంట గడిచిపోతుంది, అది వేరే సంగతి.

9:30 పడవెక్కితే గుహల దగ్గరికి 11. ఒంటిగంటకి దిగి, ఒకటిన్నర పడవ పట్టుకుంటే గేట్‌వేకి రెండున్నర. ఇది బాగా కుదిరే లెక్క. ఫోర్ట్, కాలాఘోడా వైపు చేపల హోటళ్లలో మధ్యాహ్నం వంటిల్లు మూడు, మూడున్నరకి కట్టేసి మళ్లీ రాత్రికే తెరుస్తారు. పదకొండు పడవెక్కినవాళ్లు నాలుగింటికి ఆకలితో ఒడ్డుకొచ్చి అక్కడికి పరిగెత్తితే తలుపులు మూసి ఉంటాయి. అలా ఆలస్యమైతే కొలాబా కాజ్‌వే మీద రోజంతా తెరిచి ఉండే లియోపోల్డ్, మాండెగార్ లాంటివే దిక్కు. అక్కడ సముద్రం కనపడదు, వీధి సందడి మాత్రం కావలసినంత.

ద్వీపంలో మధ్యాహ్న భోజనం పెట్టుకోకపోవడమే మేలు. మెట్ల కింద, దారిలో చిన్న హోటళ్లు ఉన్నాయి, ఆకలి తీరుతుంది. కానీ సరుకులన్నీ పడవ మీదే రావాలి కాబట్టి రుచికి మించిన ధర ఉంటుంది, ఆర్డరిచ్చాక ఆలస్యమూ ఎక్కువే. ముప్పావుగంట అక్కడ పోతే రెండున్నరకి ఒడ్డు చేరే లెక్క చెడిపోతుంది. మెట్ల మీద అమ్మే ఉప్పూకారం చల్లిన దోసకాయ ముక్కలు, మామిడి ముక్కలు, కాల్చిన మొక్కజొన్న, మజ్జిగతో సరిపెట్టుకోండి. ఒక్క జాగ్రత్త: చేతిలో కనపడేలా పట్టుకుంటే కోతులు లాక్కుంటాయి. చిప్స్ ప్యాకెట్, రంగు పానీయం సీసా వాటి కంటపడితే ఇక మీవి కావు. మామూలు నీళ్ల సీసాను కూడా సంచిలోనే ఉంచండి.

పొద్దున బరువుగా తినకండి. కొలాబాలో ఖీమా పావ్ పేరున్నదే, దాన్ని తిరిగొచ్చిన మర్నాటికి ఉంచుకోండి. నూనె తేలే ఖీమా కడుపులో, డీజిల్ పొగ ముక్కులో, కింద అల. బన్ మస్కా (వెన్న రాసిన బన్ను), చాయ్ చాలు. పడవ ప్రయాణం పడని వాళ్లు వాంతులు రాకుండా అవొమిన్ మాత్ర గంట ముందే వేసుకుని, పడవ నడిమధ్యన కూర్చోవాలి. ముందు కొస ఎక్కువ ఊగుతుంది, వెనక పొగ వస్తుంది. ఎక్కేటప్పుడు ఒక పడవ మీంచి ఇంకో పడవలోకి దాటించడం మామూలే. ఆటు సమయంలో నీళ్లు దిగిపోయి, పాచి పట్టిన మెట్లు బయటపడతాయి. పెద్దవాళ్లకు పట్టున్న చెప్పులు ముఖ్యం.

నీళ్లు కనిపించే కుర్చీకి డబ్బు పెట్టేది ఒక్కసారే, అదీ తిరిగొచ్చాక. వెళ్లే ముందు పెడితే గడియారం చూసుకుంటూ తినాలి. తాజ్ మహల్ ప్యాలెస్ మొదటి అంతస్తులోని సీ లౌంజ్ నుంచి గేట్‌వే, పడవలు ఎదురుగా కనిపిస్తాయి. మధ్యాహ్నం టీ వేళ అక్కడ కూర్చోవడం హాయి, చాట్ కూడా బాగుంటుంది. కిటికీ టేబుళ్లు తక్కువ. బుక్ చేసేటప్పుడే ‘కిటికీ పక్కన’ అని అడగాలి, లేకపోతే గది మధ్యలో కూర్చుని అదే బిల్లు కడతారు. చెమట చొక్కా, హవాయి చెప్పులతో వెళ్లకండి. ఆ స్థాయి హోటల్లో తిండి మీద జీఎస్టీ 18 శాతం, బయట మామూలు హోటల్లో 5. మెనూలో ధర పన్ను కలపకుండా ఉంటుంది, నలుగురు వెళ్తే తేడా బాగా తెలుస్తుంది.

అంత ఖర్చు వద్దనుకుంటే, గేట్‌వే నుంచి రేడియో క్లబ్ వైపు నడిస్తే హోటల్ హార్బర్ వ్యూ మేడ మీద బేవ్యూ కేఫ్ ఉంది. గాలి, నీళ్లు, పడవలు అన్నీ ఉంటాయి. తిండి ఫరవాలేదు, డబ్బు ఇచ్చేది చూపుకే. రేడియో క్లబ్, బాంబే యాట్ క్లబ్ ఒడ్డునే కనిపించి ఊరిస్తాయి గానీ సభ్యులకూ వాళ్ల అతిథులకూ మాత్రమే.

చేపల కోసమైతే నీళ్ల సంగతి మరిచిపోండి. ఫోర్ట్‌లో మహేష్ లంచ్ హోమ్, కాలాఘోడాలో తృష్ణ రెండూ సందుల్లో ఉన్నాయి, గేట్‌వే నుంచి టాక్సీలో కొద్ది నిమిషాలే. పేర్లు తెలుసుకుంటే చాలు: పాంఫ్రెట్ అంటే మన చందువా, సుర్మయి మన వంజరం, బొంబిల్ అంటే వానమట్ట. మన దగ్గర వానమట్ట అంటే ఎక్కువగా ఎండుదే గుర్తొస్తుంది, ఇక్కడ పచ్చిది తినాలి. ఒళ్లంతా నీరున్న మెత్తటి చేప. బరువు పెట్టి నొక్కి నీరు పిండి, రవ్వ పట్టించి వేయిస్తారు. పైన కరకర, లోపల మీగడలా ఉండాలి. నీరు సరిగా పిండకపోయినా, వేయించి పక్కన పెట్టినా రవ్వ తడిసి ఊడిపోతుంది. టేబుల్ మీదికి రాగానే తినేయాలి, ఫొటోలు తర్వాత.

మెనూలో చందువా, పీత ఎదురుగా ‘ఏపీఎస్’ అని ఉంటుంది, అంటే సైజును బట్టి ధర. పీతని సజీవంగా తెచ్చి చూపిస్తారు. తల ఊపేముందు బరువెంత, మొత్తం ఎంతవుతుంది అని అడగడంలో నామోషీ లేదు. అడగకపోతే ఒక్క పీతే మిగతా భోజనమంత బిల్లు చేస్తుంది. సర్వీస్ చార్జ్ ఇష్టమైతేనే, వద్దంటే తీసేయాలి.

జూన్ 1 నుంచి జూలై 31 వరకు పడమటి తీరంలో మరపడవల వేట నిషేధం. మంచులో పెట్టిన చేపే ఎక్కువగా దొరుకుతుంది. సముద్రం రేగితే ఎలిఫెంటా పడవలూ ఆపేస్తారు. రెండు విధాలా ఆ నెలలు దండగ.

సాయంత్రం మెరైన్ డ్రైవ్‌కి వెళ్లేటట్టయితే, చర్చ్‌గేట్ దగ్గర సూనా మహల్ మూలలో పిజ్జా బై ది బేలో రోడ్డు వైపు టేబుల్ అడగండి. మధ్యలో వెడల్పాటి రోడ్డు, హారన్లు ఉన్నా పొద్దు సరిగ్గా ఎదురుగానే దిగుతుంది. డిసెంబరులో ఆరు దాటగానే, మే నెలాఖరుకి ఏడు దాటాక. అరగంట ముందే కూర్చోవాలి. టేబుల్ దొరక్కపోతే ఎదురుగా సముద్రపు గట్టు ఉచితం, చేతిలో వేరుశనగల పొట్లం ఉంటే చాలు.