పదిహేను వందల గైడు, పైసా అడగని మామయ్యగారు

జూలైలో గోవా ఏమిటని అందరూ నవ్వారు. వానల్లో గదులు చవకని మా వారి లెక్క. పణజీలో రాత్రికి 1,800 రూపాయలు. గోడలు చెమ్మగిల్లినా దుప్పట్లు శుభ్రంగానే ఉన్నాయి. రెండు రోజులు సముద్రం ఒడ్డున తడిశాం. మూడో రోజు ఓల్డ్ గోవాలో నాకు ఒళ్లు మండింది.

కారు దిగామో లేదో, గొడుగు వేసుకుని ఒక గైడు ఎదురొచ్చాడు. మూడు గంటలు తిప్పి అన్నీ చూపిస్తానని 1,500 ముందే పుచ్చుకున్నాడు. నలభై నిమిషాల్లో ముగించేశాడు! పైగా వైస్రాయ్ ద్వారం కింద నిలబెట్టి, 1510లో పోర్చుగీసు గవర్నరు అల్బుకర్క్ ఇందులోంచే నగరంలోకి వచ్చాడనీ, ఆయన సమాధి కూడా ఈ ఊళ్లోనే ఉందనీ చెప్పాడు. ముప్పై ఏళ్లు సాంఘిక శాస్త్రం బోధించిన మా మామయ్యగారు కళ్లజోడు తుడుచుకుని, పైనున్న విగ్రహం ఎవరిదని హిందీలో అడిగారు. "అల్బుకర్క్‌దే" అన్నాడతను. అది వాస్కో డ గామా విగ్రహం. ఆయన మునిమనవడు వైస్రాయిగా ఉన్నప్పుడు, అల్బుకర్క్ పోయిన ఎనభై ఏళ్లకు పైగా గడిచాక కట్టించిన ద్వారమది. గైడు ఫోను చూసుకుంటూ జారుకున్నాడు. డబ్బిచ్చిన మా వారు మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

తర్వాత మామయ్యగారే మమ్మల్ని సెయింట్ కేథరిన్ చాపెల్‌కు తీసుకెళ్లారు. ఎర్ర జంబిటి రాతి కట్టడం, చిన్నది, మేము తప్ప మనిషి లేడు. అల్బుకర్క్ లోపలికి వచ్చిన కోట తలుపు ఇక్కడ ఉండేదని చెప్పే శాసనం గోడకు ఉంది. తడిసిన అక్షరాల మీద వేలు జరుపుతూ ఆయన అల్బుకర్క్ కథ ఎత్తుకున్నారు. 1453లో లిస్బన్ దగ్గర ఒక ఉన్నత కుటుంబంలో పుట్టినవాడు. ఉత్తర ఆఫ్రికా యుద్ధాల్లో ఆరితేరి, యాభై ఏళ్లు వచ్చాక తొలిసారి ఇటు వచ్చాడు. 1510 మొదట్లో గోవాను దాదాపు పోరు లేకుండానే పట్టాడు. మే నెలలో బీజాపూర్ సుల్తానుల ఆదిల్‌షాహీ సైన్యం తరిమేసింది. ఈలోగా వానలు. నదీ ముఖం దాటలేక ఓడలు ఆగస్టు దాకా మాండవి నదిలోనే చిక్కుకున్నాయి. తిండి కరువై ఎలుకల్ని, ఉడకబెట్టిన తోలును కూడా తిన్నారట. నవంబరు 25న, సెయింట్ కేథరిన్ పండుగ నాడు, నగరాన్ని మళ్లీ గెలిచాడు.

"గెలిచాక నాలుగు రోజులు ముస్లింలను ఊచకోత కోయించాడు. తానే పోర్చుగల్ రాజుకు ఉత్తరం రాసుకున్నాడు" అని ఆగారు మామయ్యగారు. ఆ మనిషిని వీరుణ్ణి చేసి చెప్పకపోవడం నాకు నచ్చింది. అదే ఏడాది మన కృష్ణదేవరాయల కొలువుకు ఒక ఫాదరీని రాయబారిగా పంపి, గుర్రాలు ఇస్తానని ఆశ చూపాడట. చివరికి 1515 డిసెంబరులో, తన పదవి గిట్టనివాడికి దక్కిందని తెలిసి, గోవా ఎదుట ఓడలోనే కన్నుమూశాడు. ఇక్కడే పాతిపెట్టినా, 1566లో అస్థికలను లిస్బన్‌కు తరలించారు. గైడు చెప్పిన సమాధి సంగతి అదీ!

అల్బుకర్క్ కంచు విగ్రహం పక్కనే పురావస్తు మ్యూజియంలో ఉంది. చూడండి, కానీ గైడును మాత్రం పెట్టుకోకండి. కారుకు 700 కూడా దండగే. తిరుగు ప్రయాణం బస్సులో మనిషికి 20 రూపాయలే అయింది. భోజనం 220, చేపల పులుసు అద్భుతం. మా వారి నోరు అప్పుడు పెగిలింది.

తిరుగు బస్సు ఎక్కే ముందు కొండ మీది రోజరీ చర్చికి వెళ్లాం. మెట్లు పాచి పట్టి ఉన్నాయి, పెద్దవాళ్ల చెయ్యి పట్టుకోండి. కింద మాండవి బురద రంగులో పొంగుతోంది. ఓడలు నిలిచింది ఇంకా దిగువన, పణజీ వైపని మామయ్యగారు చూపించారు. మా వాడు అటే చాలాసేపు చూశాడు.

"తాతయ్యా, వాళ్లు తిన్నది చెప్పుల తోలా?"

"పెట్టెల మీద తాపిన తోలురా."