డానిష్ శరదృతువు విందు: బాతు, వేయించిన పంది మాంసం, కర్రీ ఉండలు... ఏది మేలు?

అక్టోబర్ ఆఖరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పారంటే డెన్మార్క్‌లో ఇక సాయంత్రం అన్నదే ఉండదు. నవంబర్ రెండో వారానికి కోపెన్‌హేగన్‌లో నాలుగున్నర లోపే పొద్దు గూకుతుంది. ఈ రోజుల్లోనే కొవ్వొత్తులు వెలిగించి ఇంటికి భోజనానికి పిలవడం ఎక్కువ. పిలిచేది ఆరింటికి. వచ్చేది కూడా సరిగ్గా ఆరింటికే! మనలా ‘బయల్దేరాం, దారిలో ఉన్నాం’ అనే వెసులుబాటు వంట చేసేవాళ్లకు దొరకదు.

అందుకే మెనూ ఎంచుకునేటప్పుడు రుచి కంటే ముందు నేను చూసేది ఒక్కటే: అతిథులు చెప్పులు విప్పే సమయానికి నేను పొయ్యి దగ్గర ఉంటానా, వాళ్ల దగ్గర ఉంటానా?

ఈ సీజన్‌కు అసలైన విందంటే బాతే. నవంబర్ 10 రాత్రి సెయింట్ మార్టిన్ పేరుతో దేశమంతా బాతు వండుకుంటారు. బిషప్ పదవి వద్దని మార్టిన్ పెద్దబాతుల మధ్య దాక్కుంటే అవి అరిచి పట్టించాయట, ఆ కోపానికి శిక్షగా ఏటా వాటిని కోస్తున్నారని కథ. పెద్దబాతు ఖరీదు, పైగా చిన్న ఇళ్లకు ఎక్కువైపోతుంది కాబట్టి దాని స్థానంలోకి మామూలు బాతు వచ్చింది. కడుపులో ఆపిల్ ముక్కలు, ఎండు ప్లమ్స్ కూరి ఓవెన్‌లో పెడతారు. పక్కన ఎర్ర క్యాబేజీ, పాకం పట్టిన చిన్న బంగాళాదుంపలు, బ్రౌన్ సాస్.

చిక్కల్లా ఇక్కడే. మూడు కిలోల బాతంటే చాలా కనిపిస్తుంది గానీ అందులో ఎముకలు, కొవ్వు పోగా నలుగురికి సరిపోతే గొప్ప. మీడియం వేడి మీద రెండున్నర, మూడు గంటలు పడుతుంది. ఆఖర్లో చర్మం కరకరలాడాలని వేడి పెంచాలి, కారిన కొవ్వు తీసేసి సాస్ చేయాలి, చక్కెర కరిగించి వెన్న వేసి దుంపలు తిప్పాలి, బాతును ముక్కలు కోయాలి. ఇవన్నీ ఒకేసారి వచ్చిపడతాయి. చక్కెర ఒక్క నిమిషం ఎక్కువ కాలిందా, చేదే.

దీనికో దారి ఉంది: మొత్తం బాతు మానేసి మనిషికో కాలు. సూపర్ మార్కెట్లలో బాతు కాళ్లు విడిగా దొరుకుతాయి. కోసే పని లేదు, ఎవరికి మంచి ముక్క వెళ్లిందన్న పేచీ లేదు. సాస్‌కు కావాల్సిన రసం ముందురోజే కాచి ఉంచుకోవచ్చు. క్యాబేజీ అయితే ముందురోజే వండాలి కూడా, వెనిగర్, చక్కెర, బ్లాక్‌కరెంట్ రసం పట్టి మర్నాటికే రుచి తేలుతుంది. దుంపలు ఉడికించి తొక్క తీసినవి సీసాల్లో అమ్ముతారు, కొనుక్కోండి. అందులో చిన్నతనమేమీ లేదు, డేన్‌లు (డెన్మార్క్ వాళ్లు) కూడా కొంటారు.

రెండోది 2014లో ఓటింగ్ పెట్టి జాతీయ వంటకంగా ఎన్నుకున్నది: వేయించిన పంది మాంసం ముక్కలు, కొత్తిమీరలా ఉండే పార్స్‌లీ ఆకు వేసిన తెల్ల సాస్, ఉడికిన బంగాళాదుంపలు, ఊరవేసిన బీట్‌రూట్. ఖర్చు తక్కువ, రుచికి వంక లేదు. కానీ మన మిరపకాయ బజ్జీల్లాగే ఇది వేడివేడిగా దిగీదిగగానే తినాలి. చల్లారిన ముక్క తోలులా సాగుతుంది. పైగా తిన్నకొద్దీ ఇంకా కావాలనిపించే వంట, కాబట్టి రెండో వాయి, మూడో వాయి తప్పవు. వంటింట్లోనే కూర్చుని తినే ఇద్దరు స్నేహితులకు ఓకే. ఆరుగురికి వద్దు.

మూడోది చాలామంది విందుకు లెక్కలోకి తీసుకోనిది, నేను మాత్రం ఎక్కువ మార్కులు వేసేది: కర్రీ సాస్‌లో ఖీమా ఉండలు, పక్కన తెల్లన్నం. డెన్మార్క్‌లో పిల్లలు తింటూ పెరిగే ఇంటి వంట ఇది. పంది ఖీమాలో ఉల్లిపాయ, గుడ్డు, పిండి, పాలు కలిపి ఉప్పునీళ్లలో ఉడికిస్తారు. వెన్నలో కర్రీ పొడి వేయించి, పిండి వేసి, ఆ ఉండలు ఉడికిన నీళ్లే పోసి, లీక్ (లావుపాటి ఉల్లికాడలాంటిది), ఆపిల్ ముక్కలు, క్రీమ్ చేరుస్తారు. కారం ఉండదు, తీపి ఛాయ ఉంటుంది. తమిళనాడు తీరంలోని తరంగంబాడి 1620 నుంచి 1845 దాకా డేన్‌ల చేతిలో ఉంది కాబట్టి ఈ కర్రీ అక్కడి నుంచే వచ్చిందని కథ అల్లాలనిపిస్తుంది, తొందరపడకండి. ఇంగ్లిష్ వాళ్ల కర్రీ పొడి యూరప్ అంతా తిరిగింది, అలా కూడా వచ్చి ఉండొచ్చు.

మనవాళ్లు వండితే అల్లం వెల్లుల్లి, గరం మసాలా వైపు చెయ్యి పోతుంది. ఆపుకోండి. అవి పడితే అది కోఫ్తా కూర అయిపోతుంది, డానిష్ విందు అన్న మాట మర్చిపోవచ్చు. పంది తిననివాళ్లుంటే చికెన్ ఖీమాతో చేయండి, కాస్త మెత్తగా వస్తుంది, అంతే తేడా. అసలు సుఖం ఏంటంటే ముందురోజు చేసి పెడితే ఇంకా బాగుంటుంది. ఆరింటికి మీ పని అన్నం వార్చడం, సాస్ వెచ్చబెట్టడం.

శాకాహారులకు పండిన గుమ్మడికాయ సూప్, రై రొట్టె. జెరూసలేం ఆర్టిచోక్ అనే దుంపతో చేసే సూప్ ఇంకా రుచి, కానీ అది చాలామందికి గ్యాస్ పట్టిస్తుంది. మొదటిసారి ఇంటికొచ్చేవాళ్లకు ఆ ఇబ్బంది ఎందుకు?

నా తీర్పు: నవంబర్ 10 దగ్గర్లో నలుగురే ఉంటే బాతు కాళ్లు. ఆరుగురు దాటితే, లేదా డేన్‌లూ తెలుగువాళ్లూ కలిసి కూర్చునే బల్ల అయితే, కర్రీ ఉండలు.

స్వీట్ దగ్గర మాత్రం పోటీయే లేదు, ఏ మెనూకైనా పాతకాలపు ఆపిల్ కేకే. పేరుకే కేక్, ఓవెన్ అక్కర్లేదు. ఉడికించిన ఆపిల్ గుజ్జు, చక్కెరతో వేయించిన రొట్టె పొడి, గిలక్కొట్టిన క్రీమ్ గ్లాసుల్లో పొరలుగా వేసి, పైన కాస్త రెడ్‌కరెంట్ జెల్లీ పెడతారు. గుజ్జు, పొడి ముందురోజే చేసుకుని విడివిడిగా ఉంచండి. పొరలు మాత్రం అతిథులు వచ్చే గంట ముందు వేయండి, లేకపోతే పొడి నాని మెత్తబడుతుంది.