పక్క ఫ్లాటు జర్మన్ ఆవిడకి పెద్దపండగ పిండివంట: అరిసెలా, పాకుండలా, జంతికలా?

మా అమ్మాయి జర్మనీలో ఉంటోంది. క్రిస్మస్‌కి పక్క ఫ్లాటు ఆవిడ స్టోలెన్ తెచ్చి ఇచ్చిందట. ఎండుద్రాక్షలు వేసి, పైన పంచదార పొడి చల్లిన రొట్టె అది. రొట్టె అయిపోయింది, డబ్బా మిగిలింది. డబ్బా ఖాళీగా తిరిగి ఇవ్వడం మన ఇళ్లలో లేదు కదా! పెద్దపండగకి శ్రీకాకుళం వచ్చిన పిల్ల "ఆవిడకి ఏం పట్టుకెళ్లను?" అంది. ఇంట్లో తలో మాట.

మా ఆయన మందస కోవా అన్నారు. రుచికి తిరుగులేదు. కానీ పాలు, పాలతో చేసినవి బయటి దేశాల నుంచి వచ్చే ప్రయాణికులు యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకెళ్లకూడదు. ఈ సంగతి తెలియక క్రితంసారి కిలో కోవా కొన్నాం. తెలిశాక మేమే తిన్నాం, ఎవరూ బాధపడలేదు లెండి.

పలాస జీడిపప్పు తేలిక, పాడవదు. అయితే జీడిపప్పు అక్కడి షాపుల్లోనూ దొరుకుతుంది. పైగా పండగ పొయ్యి మీంచి దిగింది కాదు.

ఇక అసలు పోటీ అరిసెలకీ పాకుండలకీ. రెండూ ఒకే చలిమిడి. రాత్రి నానబెట్టిన బియ్యం వార్చి, తడి ఆరకముందే పట్టించి, జల్లించి, బెల్లం పాకంలో కలపాలి. పళ్లెంలో నీళ్లు పోసి పాకం చుక్క వేస్తే వేళ్లతో మెత్తటి ఉండ కట్టాలి. అక్కడ ఒక్క నిమిషం ఏమరిస్తే అరిసె రాయి అవుతుంది. నావి ఒక్కోసారి అవుతాయి, ఒప్పుకుంటాను. మా అత్తగారైతే "ఏటమ్మా ఇది, పళ్లు ఊడేలా ఉంది" అని మొహమ్మీదే అనేవారు.

అందం మాత్రం అరిసెదే. నువ్వులద్ది నూనెలో వేయించి, చెక్కల మధ్య నొక్కితే నూనె కారుతుంది. కానీ కొత్తవాళ్లకి చేతికందని సైజు. ఎక్కడ కొరకాలో తెలీదు, సగం తిని ఏం చెయ్యాలో తెలీదు. జనవరి చలికి గట్టిపడుతుంది కూడా. పాకుండ అలా కాదు, రెండు కొరుకులు అంతే. పైన కరకర, లోపల మెత్తన, మధ్యలో కొబ్బరి ముక్క తగులుతుంది. వాళ్ల కాఫీ పక్కన చక్కగా సరిపోతుంది. నెయ్యి కూడా పాలదే కాబట్టి అన్నీ నూనెలోనే వేయించాను. అలా చేస్తే శాకాహారులే కాదు, పాలు ముట్టనివాళ్లూ తినొచ్చు. గోధుమ పడనివాళ్లకీ ఇబ్బంది లేదు, అంతా బియ్యప్పిండే.

జంతికలకి ఓటు వేసింది మా అబ్బాయి. నిజమే, ఎవరైనా తింటారు, వివరించే పనే ఉండదు. నాకు అదే నచ్చలేదు. ఆవిడ చిప్స్ ప్యాకెట్ అనుకుని టీవీ ముందు ఖాళీ చేస్తుంది. పైగా ప్రయాణంలో సగం పొడి అవుతాయి.

ఏది పంపినా ముందు ఒక ప్రశ్న అడగాలి: నువ్వులు పడతాయా? ప్యాకెట్ మీద తప్పక చెప్పాలని యూరప్ చట్టం పెట్టిన 14 అలర్జీ పదార్థాల్లో నువ్వులు, వేరుసెనగ, జీడిపప్పు మూడూ ఉన్నాయి. మనకి ఇలా అడగడం మొహమాటం. వాళ్లకి మామూలే. మా అమ్మాయి మెసేజ్ పెడితే రెండు నిమిషాల్లో "పడతాయి" అని జవాబు వచ్చింది.

పాకుండలే గెలిచాయి. డబ్బా నింపాక ఊరుకోలేక పైన రెండు అరిసెలు కూడా పెట్టాను. తీరా ఆవిడ అడిగింది వాటి గురించేనట: ఇందులో నూనె ఎలా పిండుతారని. వీడియో కాల్‌లో చూపించమని అమ్మాయి ఫోన్ చేసింది. అప్పటికి నా అరిసెల చెక్కలు అటకెక్కి వారమైంది.